వసీలా గోడకు సున్నం

శుచిత్వం విశ్వాసంలో సగమని చిన్నప్పుడు మసీదు బడిలో మాకు నేర్పారు. ఆ మాట మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. ఏళ్ల తరబడి మోసిన అనుమానం వేరు. ఆ సగం మా గడప దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

మా వీధిలో ఆడవాళ్లు తెల్లవారగానే గడపలు కడుగుతారు. ఊరికే నీళ్లు చల్లడం కాదు. సబ్బునీళ్లు పోసి, గట్టి చీపురుతో రుద్ది, నీలం తలుపు కింద రాయి మెరిసేదాకా కడుగుతారు. ఆ నీళ్లు వీధిలోకి పోతాయి. నిన్నటి చెత్తా వాటి వెనకే వీధిలోకి పోతుంది. మగవాళ్లం రోజుకు ఐదుసార్లు మోచేతుల దాకా కడుక్కుని, కడిగిన పాదాలతో ఆ చెత్తను దాటుకుంటూ నమాజుకు వెళ్తాం. ఒకసారి మా ఇమాం గారిని అడిగాను. ఆయన నవ్వి, "హమ్మాదీ, ఇది నన్ను అడగాల్సింది కాదు, మునిసిపాలిటీ వాళ్లను అడుగు" అన్నారు. అక్కడి గుమాస్తాను అడిగితే, "దీనికి అల్లాహే దిక్కు బాబాయ్" అన్నాడు. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

మా వీధిలోనే నాది పిండివంటల అంగడి. పొద్దున్నే పిండి సాగదీసి మరుగుతున్న నూనెలో వేస్తే అది చక్రంలా పొంగుతుంది. దాన్ని కాగితంలో పెట్టి ఇస్తాను. తిన్నవాళ్లు కాగితాన్ని అక్కడే జారవిడిచి పోతారు. ఎవరూ ఏమీ అనుకోరు. ఒకప్పుడు మమ్మల్ని ఏలిన 'బే' అనే రాజుల కాలం పోయి మూడు తరాలైనా, ఎవరిదీ కాని చోటును మా తునీసియాలో ఇప్పటికీ 'బేగారి సొత్తు' అనే అంటారు. బేగారి సొత్తును ఊడ్చే పని మనదా?

మా ఇంటికీ, పెద్దావిడ కాబట్టి వీధంతా 'లల్లా' అని పిలిచే వసీలా ఇంటికీ నడుమ అలాంటి చోటు ఒకటుంది. ఎప్పుడో ఒక ఇల్లు కూలిపోయింది, వారసులు పంచుకోలేక వదిలేశారు. వీధి మొత్తం చెత్త అక్కడికే చేరింది. సీసాలు, డబ్బాలు, విరిగిన కుర్చీలు, నల్ల సంచులు, అన్నీ వసీలా ఇంటి పక్కగోడను ఆనుకుని మనిషెత్తున లేచాయి. ఆ గుట్టకు ఎదురుగా మిగిలిన మొండిగోడకు మాత్రం మేకులుండేవి. ఆ మేకులకు ఎండిన రొట్టె సంచులు వరసగా, పద్ధతిగా వేలాడుతుండేవి. మా దగ్గర రొట్టెను చెత్తలో వేయరు. విడిగా సంచిలో కట్టి తగిలిస్తే, గొర్రెలున్నవాళ్లు పట్టుకెళ్తారు. దారిలో చిన్న ముక్క కనబడినా వంగి తీసి, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించి, ఎవరి కాలూ తగలనిచోట పెడతాం.

ఆ పక్కగోడకు నేనొక బాకీ ఉన్నాను. నా పెళ్లికి మా నాన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే వీధివైపు గోడ చివర సున్నం అయిపోయింది. వసీలా తన పెరటి గోలెంలో ఏళ్ల తరబడి నానిన పాత సున్నం ఒక బకెట్ పంపింది. పెళ్లయ్యాక డబ్బు ఇవ్వబోతే కసిరింది.

"సున్నం ఇచ్చాను, సున్నమే తీసుకుంటాను. నా పక్కగోడకు వెయ్యి."

"ఆ గోడ ఎక్కడుంది లల్లా? గుట్టే కనిపిస్తోంది."

"కనిపించినప్పుడే వెయ్యి. అందాకా చావకు. అప్పున్నవాడి ఆత్మ ఆ అప్పుకే వేలాడుతుందంటారు. నా బకెట్ సున్నం కోసం నిన్ను స్వర్గం గుమ్మంలో నిలబెడితే నాకు బాగోదు."

నా కూతురు దుర్సాఫ్ కాలేజీకి వచ్చేసరికి కూడా ఆ గోడ కనిపించలేదు.

* * *

ఆ వేసవిలో కూడా ఎప్పటిలాగే కాన్‌స్టాంటీన్ నుంచి లార్బీ కుటుంబం వచ్చింది. మా మేడ మీద రెండు గదులున్నాయి. నా భార్య నెజియా వాటిని వేసవిలో అతిథులకు ఇస్తుంది. అల్జీరియా నుంచి కారులో సరిహద్దు దాటి వచ్చే ఈ కుటుంబం కొన్నేళ్లుగా మాకు చుట్టాలకన్నా ఎక్కువ. వాళ్లు వస్తున్నారంటే నెజియా పరుపుల ఉన్ని విప్పి ఎండబెట్టి మళ్లీ కుట్టేది. దిండ్ల కింద మల్లెమొగ్గలు పెట్టేది.

ఆ మధ్యాహ్నం నేను అంగడి కట్టి వస్తుంటే లార్బీ చిన్నకొడుకును భుజాన వేసుకుని సముద్రం వైపు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. అడ్డదారిన గుట్ట పక్కనుంచి వస్తుంటే సార్డీన్ చేపల డబ్బా మూత పిల్లవాడి అరికాలిని చీరేసింది. నెజియా కడిగిన గడప నెత్తురైంది. ఆసుపత్రిలో కుట్లు వేశారు, సూది పొడిచారు. సాయంత్రానికి పిల్లవాడు నవ్వుతూనే ఉన్నాడు. నవ్వలేనిది పెద్దవాళ్లమే.

మర్నాడు వాళ్లు సామాను సర్దారు. ఇంకా పది రోజులు ఉండాల్సినవాళ్లు.

నెజియా బతిమాలింది. లార్బీ భార్య హూరియా ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ ఇంటి నేల మీద కుస్‌కుస్ పోసుకుని తినొచ్చు నెజియా. ఈ మాట నేను ఊరంతా చెప్పాను. మా చెల్లెలినీ వచ్చే ఏడు తీసుకొద్దామనుకున్నాను. కానీ నీ గుమ్మం నుంచి సముద్రం దాకా ముక్కు మూసుకుని నడిచాం. నిరుడూ అంతే. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

వాతావరణం తేలిక చేద్దామని లార్బీ అందుకున్నాడు. "మా శుక్రవారం ఊరేగింపులు టీవీలో చూస్తున్నారా హమ్మాదీ?"

"చూడకేం, పాలన మారాలని మీ దేశమంతా వీధుల్లోనే ఉంది కదా."

"ఊరేగింపు అయ్యాక ఏం జరుగుతుందో తెలుసా? మేమే ఊడుస్తాం. నేను! చీపురు పట్టుకుని!"

"నువ్వా?" అంది నెజియా, ఏడుస్తూనే. "మంచినీళ్ల గ్లాసు కూడా హూరియాయే అందించాలి కదా నీకు."

"అదే వింత. మొదట్లో, ప్రపంచం చూస్తోంది, అల్జీరియావాళ్లంటే గొడవ మనుషులనుకోకూడదని మొదలుపెట్టాం. నాలుగు వారాలకు ప్రపంచం సంగతి మరిచిపోయాం. సాయంత్రం ఆ వీధిలో నడుస్తుంటే మాకే బాగుంది."

సామాను మోస్తూ నేను వీధిలోకి వచ్చాను. కారు దగ్గర రొట్టెముక్క ఒకటి పడి ఉంది. సంచి కింద పెట్టి, వంగి తీసి, ముద్దుపెట్టుకుని, కిటికీ అరుగు మీద పెట్టాను. హూరియా చూస్తోంది. ఆ ముక్కకు జానెడు దూరంలో తుప్పు పట్టిన డబ్బా ఒకటి పడి ఉంది. ఆమె దాన్నీ చూసింది.

"మీ ఊళ్లో రొట్టెకున్న అదృష్టం నా బిడ్డ పాదానికి లేకపోయింది అన్నా" అంది. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

కారు మలుపు తిరిగాక నెజియా మేడ మీదికి వెళ్లి పరుపులు చుట్టేసింది. కిటికీలు బిగించి, గదులకు తాళం వేసి, తాళంచెవిని అల్మరా వెనక పడేసింది.

"ఇక అతిథుల్లేరు."

"ఒక్క కుటుంబం వెళ్లిపోతే..."

"కాన్‌స్టాంటీన్‌లో ఎవరూ నెజియా వీధి అనరు. తునీసియా అలా ఉంది అంటారు. ఒక దేశం పేరు నా గుమ్మంలో చెడింది. ఇంకో కుటుంబాన్ని ఏ మొహంతో పిలవను?"

మర్నాటి నుంచి ఆమె గడప కడగలేదు. అడిగితే, "ఎవరి కోసం?" అంది. పెళ్లయిన మర్నాటి పొద్దు నుంచి వింటున్న ఆ చీపురు చప్పుడు లేక నాకు వేకువ ఫజర్ నమాజు తర్వాత ఏమీ తోచేది కాదు. గడప రాయి మీద మెల్లగా దుమ్ము పేరుకుంది.

* * *

ఎన్నికలొచ్చాయి. గోడలన్నీ బొమ్మలతో నిండాయి, గాలికి చినిగిన బొమ్మలు మళ్లీ గుట్టకే చేరాయి. నా అంగడికి ఎదురుగా మోంజీ మంగలి కొట్టు. అతని కత్తెర కన్నా నాలుక పదును.

"ఎవడు గెలిస్తే ఏం? రాజులు మారతారు, గుట్ట మారదు. ఆ గుట్టనే నిలబెడితే ఓటు దానికే వేస్తాను. చెప్పినచోట నిలబడి ఉంటుంది."

దుర్సాఫ్ మొదటిసారి ఓటేసి, వేలి నీలం సిరా అందరికీ చూపించుకుంటూ వచ్చింది. ఫలితం వచ్చిన సాయంత్రం ఊరంతా హారన్లు మోగాయి. గెలిచినాయన గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ ఆ వారం కుర్రకారు మొహాలు వేరుగా ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా ఏదో పండగ నిర్ణయమైనట్టు ఉన్నాయి.

"ఆదివారం దేశమంతా ఊడుస్తోంది నాన్నా" అంది దుర్సాఫ్, ఫోన్ లోంచి తలెత్తకుండా. "ఏ పార్టీ పిలవలేదు. ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు, అంతే. మన వీధి గుట్ట మేం తీస్తున్నాం."

మోంజీ పగలబడి నవ్వాడు. "ముందు నీ గది ఊడ్చుకోవే అమ్మడూ!"

"ఊడ్చాను మామా. నీ కొట్టులోంచి ఎగిరొచ్చిన వెంట్రుకలే దొరికాయి. అందులో తెల్లవి నీవనుకుంటా."

నెజియా వంటింట్లోంచి అంతా వింది.

ఆదివారం పొద్దున అంగడి తెరిచి చూస్తే వీధి నిండా కుర్రాళ్లు, ఆడపిల్లలు. చేతులకు తొడుగులు, పారలు, సముద్రం మీదివాళ్ల చేపల గంపలు. ఎవరో జాలరి తన ట్రక్కు తెచ్చి పెట్టాడు. ఎవరి జెండా లేదు, మైకు లేదు. మా తరంవాళ్లం గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డాం, పొరుగింటి పెళ్లి చూసినట్టు. గుట్ట పైన ఒక పొర దిగింది. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. వాళ్ల కోసం ఒక పళ్లెం వేడి చక్రాలు వేయించి పంపాను. తిని కాగితాలు సంచిలో వేసుకున్నారు.

అప్పుడే పొరపాటు జరిగింది. ఒక కుర్రాడు ఊపులో మొండిగోడ మీద మేకులకున్న రొట్టె సంచులన్నీ లాగి ట్రక్కులోకి విసిరాడు. ఒక సంచి ట్రక్కును చేరకముందే చిరిగింది. అందులోని ఎండు రొట్టెలన్నీ కింద గుట్ట చెత్తలో దొర్లాయి.

వీధి ఒక్కసారి భగ్గుమంది.

"రొట్టెను చెత్తలో వేస్తావురా? నీ చెయ్యి పడిపోను!"

"నీకు తల్లి లేదా? తిండి విలువ చెప్పలేదా?"

"గోనెసంచి అనుకున్నా పెద్దమ్మా, చూసుకోలేదు..."

"చూసుకోడట! ఇదీ వీళ్ల శుభ్రం!" అన్నాడు మోంజీ, అవకాశం దొరికినందుకు మెరిసిపోతూ. "దేశాన్ని కడుగుతారట, నోటి దగ్గరి ముద్దను తొక్కుతారట!"

కుర్రాడు కందిపోయి తొడుగులు విసిరికొట్టాడు. "అయితే మీ గుట్ట మీరే ఉంచుకోండి." వాడి వెనక మరో ఇద్దరు పారలు దించారు. దుర్సాఫ్ బతిమాలుతోంది, ఆమె మాట ఎవరికీ వినబడటం లేదు. ఇంకొక్క మాట పడితే అందరూ ఇళ్లకు పోయేవాళ్లే. గుట్ట, పైపొర లేకుండా, అలాగే ఉండేది. నేను మా మేడ వైపు చూశాను. కిటికీలు మూసే ఉన్నాయి.

నాకు వాదించడం రాదు. రొట్టెలు నేల మీద ఉన్నాయి కాబట్టి వెళ్లి ఏరడం మొదలుపెట్టాను. పిండి అంటిన గుడ్డను నడుముకు చెక్కి, ఒక్కొక్క ముక్కా తీసి, దులిపి, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించి, గుడ్డలో వేస్తున్నాను. వంగడం, లేవడం, వంగడం. ముక్కలు లోపల లోపలికి జారిపోయాయి. ఒక ముక్క కోసం సీసా జరపాలి, మరో ముక్క కోసం సంచి ఎత్తాలి. జరిపినదాన్ని మళ్లీ అక్కడే పెట్టడం ఎందుకని గంపలో వేస్తూ వచ్చాను. చెయ్యి ఎలాగూ కిందికి వెళ్లింది కదా అనిపించింది. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఎంతసేపు ఏరానో తెలియదు. వీధిలో అరుపులు ఆగాయి. లల్లా వసీలా గొంతు వినిపించింది.

"ఒరే హమ్మాదీ, ఆ డబ్బాను కూడా ముద్దు పెట్టుకుంటావా ఏమిట్రా?"

చూసుకున్నాను. నా చేతిలో తుప్పు పట్టిన సార్డీన్ డబ్బా ఉంది. అలవాటు కొద్దీ అది పెదవుల దాకా వచ్చేసింది.

ముందు నవ్వింది ఆ కుర్రాడే. తర్వాత దుర్సాఫ్. తర్వాత గుమ్మాల్లో ఉన్న ముసలీ ముతకా అందరూ. మోంజీ కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. "పెట్టుకో హమ్మాదీ, దానికీ సంబరమే! ఇన్నేళ్లుగా దాన్ని ఎవరూ పలకరించలేదు!"

నేనూ నవ్వాను. నవ్వుతూ డబ్బాను గంపలో వేశాను. మళ్లీ వంగాను. అప్పటిదాకా తిట్టిన పెద్దమ్మ కొంగు బిగించి నా పక్కకు వచ్చింది. "జరుగు, నీకు రొట్టెకూ రేకుకూ తేడా తెలిసేట్టు లేదు" అంటూ కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె. కుర్రాడు తొడుగులు వెతుక్కున్నాడు. రొట్టెల కోసం విడిగా శుభ్రమైన గంప పెట్టారు. మిగతాదంతా ట్రక్కులోకి పోయింది. మోంజీ కూడా చీపురు తెచ్చాడు. "నా వెంట్రుకలు నేను తీసుకుంటాను, లేకపోతే ఈ పిల్ల నోరు మూయదు" అని గొణుక్కుంటూ.

మధ్యాహ్నం నమాజు నుంచి తిరిగొచ్చేసరికి ఒక చప్పుడు విన్నాను. గట్టి చీపురు రాతిని రుద్దే చప్పుడు. నెజియా గడప దాటి వచ్చింది. గుట్ట ఉన్న చోట నేలను సబ్బునీళ్లతో కడుగుతోంది. ఆమె నా వైపు చూడలేదు. "నిలబడి చూస్తావేం, నీళ్లు తోడు" అంది.

ఆ సాయంత్రం లల్లా వసీలా పక్కగోడ కనబడింది. నల్లగా, నాచు పట్టి, పెచ్చులూడి, ఏ అందమూ లేదు దానికి. మేమంతా దాని ముందు నిలబడి చాలాసేపు చూశాం.

* * *

గుట్ట మళ్లీ రాదా అని అనుమానం రాకపోలేదు. వచ్చింది కూడా. ఆ వారంలోనే ఒక పొద్దున అక్కడ నల్ల సంచి ఒకటి కూర్చుని ఉంది. లల్లా వసీలా కుర్చీ తెచ్చి దాని పక్కనే వేసుకుని, దారినపోయేవాళ్లందరినీ పలకరించింది. "ఈ బిడ్డ ఎవరిదో చెప్పండమ్మా. రాత్రి ఎవరో వదిలేసి పోయారు. ఏడవడం లేదు కానీ వాసనొస్తోంది." మధ్యాహ్నం నమాజు పిలుపు లోపలే ఒకాయన తల వంచుకుని వచ్చి సంచి పట్టుకెళ్లాడు. ఎవరో నేను చెప్పను. ఇప్పుడాయనే ఆ చోట పాత టైర్లలో జెరేనియం పూలమొక్కలు పెంచుతున్నాడు.

ఆ కుర్రకారును చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా తరం బేగారి సొత్తు అని వదిలేసినదాన్ని వాళ్లు ఎవరినీ అడక్కుండా తమదనుకున్నారు. నా అంగడి పక్కన కాగితాలకు బుట్ట కట్టింది వాళ్లే. కాగితం కింద పడేస్తే ఐదేళ్ల పిల్ల కూడా "అయ్యో తాతా" అంటోంది.

దుర్సాఫ్ వీధి ఫోటో తీసి హూరియాకు పంపింది. కాసేపటికే ఫోన్ మోగింది.

"నెజియా, ఇది ఏ ఊరు?"

"మాదే."

"అబద్ధం. ఆ గోడ నేనెప్పుడూ చూడలేదు."

"మేమూ చూడలేదు."

లార్బీ ఫోన్ లాక్కున్నాడు. "చీపురు మా దగ్గర ఎత్తుకుపోయారన్నమాట! అది అల్జీరియా సొత్తు, తిరిగివ్వండి."

"వేసవిలో వచ్చి పట్టుకెళ్లండి" అంది నెజియా. "హూరియా చెల్లెలికి కూడా పరుపు వేస్తాను."

తర్వాత హూరియా గొంతు, మెల్లగా. "రెండు గదులూ మాకే ఉంచు."

నెజియా ఫోన్ పెట్టేసి అల్మరా జరపమంది. తాళంచెవి సాలెగూళ్లలో దొరికింది. ఆమె మేడ మీదికి వెళ్లిన కొద్దిసేపటికి కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకోవడం కింది నుంచి విన్నాను.

ఆ లోపల నేను సున్నపురాయి తెచ్చి, పెరట్లో నీళ్లు పోసి నానబెట్టాను. అది ఉడికింది, చల్లారింది, వెన్నలా అయింది. తొలి వానలు వెలిసి గోడ ఆరాక, ఒక శుక్రవారం పొద్దున బకెట్ నిండా తీసుకుని లల్లా వసీలా తలుపు తట్టాను.

ఆమె బయటికొచ్చి బకెట్‌లో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నేనిచ్చింది పాత సున్నం. ఇది పచ్చిది."

"మీ అంత పాతది ఎక్కడ దొరుకుతుంది లల్లా?"

"నోరు పెరిగింది నీకు. డబ్బాలను ముద్దు పెట్టుకున్న నోరు కదా." కుంచె అందుకుని, మోకాళ్లు పట్టుకుంటూ పక్కగోడ దగ్గరికి నడిచింది. నేను బకెట్ పట్టుకుని నిలబడ్డాను. నల్లటి గోడ మీద, తన చెయ్యి అందినంత ఎత్తు నుంచి కింద నేల దాకా ఒక్క చార గీసింది. ఎండలో అది మేం చూస్తుండగానే తెల్లబడింది.

ఆమె కుంచెను నా చేతికిచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ముట్టింది" అంది. "మిగతాది నువ్వు వెయ్యి."